గల్ఫ్‌లో జర్నలిజం చదువు: తేలిందెంత, తేలనిదెంత

యూఏఈలో భారతీయుల సంఖ్య 35 లక్షలు దాటింది. వాళ్లలో తెలుగువాళ్లు పెద్ద వంతే. అక్కడే పెరిగి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి పూర్తిచేసిన పిల్లలు ఇంజనీరింగ్, మెడిసిన్ కాకుండా ఏం చదవాలని వెతుకుతున్నప్పుడు మాస్ కమ్యూనికేషన్ ఎదురవుతుంది. దుబాయ్, షార్జా, అబూధాబీల్లో ఈ కోర్సు చెప్పే విశ్వవిద్యాలయాలు చాలానే ఉన్నాయి. వాటిపై వాదన కూడా ఏళ్లుగా నడుస్తోంది. స్టూడియోలు, సంస్థల పరిచయాలు చూసి ఇంతకంటే మంచి చోటు లేదనే వాళ్లు ఒక వైపు ఉన్నారు. పత్రికలకు హద్దులున్న దేశంలో పాత్రికేయం నేర్పడమేమిటనే వాళ్లు ఇంకో వైపు ఉన్నారు. అసలు ఈ వృత్తికి డిగ్రీ ఎందుకనే పాత మాట మధ్యలో ఉండనే ఉంది.

ఈ వాదన ఇంతగా చిక్కుపడటానికి కారణం ఒకటే. 'కమ్యూనికేషన్' అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు చదువులు నడుస్తున్నాయి. వార్త సేకరించి రాయడం ఒకటి. సంస్థల తరఫున మాట్లాడటం, అంటే ప్రజా సంబంధాలు, ప్రకటనలు, బ్రాండింగ్ రెండోది. దృశ్య, శ్రవ్య నిర్మాణం మూడోది. ఒకరు మొదటిదాన్ని మనసులో పెట్టుకుని విమర్శిస్తే మరొకరు మూడోదాన్ని చూపించి జవాబు చెబుతున్నారు. ఈ మూడింటినీ విడదీయకుండా ఏ వాదాన్నీ తూకం వేయలేం.

అమెరికా నుంచి హైదరాబాద్‌కు, కైరో నుంచి అల్ ఐన్‌కు

జర్నలిజం విశ్వవిద్యాలయ చదువుగా మారింది అమెరికాలో. మిస్సోరీలో 1908లో, జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన విరాళంతో కొలంబియాలో 1912లో ప్రత్యేక పాఠశాలలు మొదలయ్యాయి. ఆ నమూనా తర్వాత మన దగ్గరికీ వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో జర్నలిజం శాఖను నెలకొల్పింది ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వచ్చిన అమెరికన్ డిఫారెస్ట్ ఓడెల్. అరబ్బు ప్రపంచంలో కైరో ముందు నడిచింది. 1930ల చివరికే అక్కడ జర్నలిజం బోధన మొదలైంది. తర్వాతి తరాల్లో గల్ఫ్ విశ్వవిద్యాలయాలకు ఆచార్యులనూ పాఠ్యపుస్తకాలనూ పంపింది ఈజిప్టే.

యూఏఈ ఏర్పడింది 1971 డిసెంబరు 2న. తొలి జాతీయ విశ్వవిద్యాలయం 1976లో అల్ ఐన్‌లో వచ్చింది. ప్రభుత్వ వార్తా సంస్థ 'వామ్' కూడా అదే ఏడాది ఏర్పాటైంది. ఖలీజ్ టైమ్స్, గల్ఫ్ న్యూస్ రెండూ 1978లో పుట్టాయి. వార్తా వ్యవస్థ, దాని చదువు, దేశం మూడూ ఇంచుమించు ఒకే వయసువని ఈ తేదీలే చెబుతున్నాయి. మన దగ్గర అలా జరగలేదు. స్వాతంత్ర్యోద్యమంలో పుట్టిన పత్రికలు ముందు, వాటికి మనుషులను తయారుచేసే విశ్వవిద్యాలయ శాఖలు చాలా వెనక. అక్కడ దేశ నిర్మాణం ముందు వచ్చింది, పత్రిక అందులో భాగమైంది. ఈ తేడాను గుర్తుంచుకోకపోతే తర్వాతి వాదాలు సగమే అర్థమవుతాయి.

అరబ్ పత్రికలను వర్గీకరించిన విలియం రూ 1979 నాటి తన పుస్తకంలో ఎక్కువ గల్ఫ్ దేశాల పత్రికలను ప్రభుత్వానికి విధేయమైన పత్రికలుగా గుర్తించారు. యాజమాన్యం ప్రైవేటుదే అయినా స్వరం ప్రభుత్వానికి దగ్గరగా ఉంటుందన్నది ఆయన పరిశీలన. తర్వాత ఆయన 1992 నుంచి 1995 దాకా యూఏఈలోనే అమెరికా రాయబారిగా పనిచేశారు. ఆ వర్గీకరణ పాతబడిందనే వాళ్లున్నారు. గల్ఫ్ పత్రికలపై చర్చలో దాన్ని ప్రస్తావించకుండా ముందుకు పోయిన వాళ్లు మాత్రం తక్కువ.

మీడియా సిటీ తెచ్చిన మలుపు

1990ల చివర్లో చదువు ముఖచిత్రం మారింది. అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జా, యూనివర్సిటీ ఆఫ్ షార్జా రెండూ 1997లో, జాయెద్ యూనివర్సిటీ 1998లో వచ్చాయి. జాయెద్ మొదట ఎమిరాటీ యువతుల కోసమే పెట్టిన సంస్థ. దాని కమ్యూనికేషన్ కళాశాల తర్వాత అమెరికా జర్నలిజం విద్యా మండలి గుర్తింపు కూడా తెచ్చుకుంది. 1995లో మొదలైన అమెరికన్ యూనివర్సిటీ ఇన్ దుబాయ్‌లో మొహమ్మద్ బిన్ రషీద్ కమ్యూనికేషన్ పాఠశాల ఏర్పడింది. అక్కడ జర్నలిజాన్ని అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ వేర్వేరు మార్గాలుగా బోధించడం గమనించదగ్గ ప్రయోగం.

చదువును అసలు మలుపు తిప్పింది 2001లో తెరుచుకున్న దుబాయ్ మీడియా సిటీ. అంతర్జాతీయ వార్తా సంస్థలు, ప్రకటనల ఏజెన్సీలు, నిర్మాణ సంస్థలు ఒకే చోటికి వచ్చాయి. లండన్ నుంచి అరబిక్ టీవీ సంస్థ ఎంబీసీ తరలివచ్చింది. 2003లో వార్తా చానెల్ అల్ అరబియా అక్కడి నుంచే ప్రసారాలు మొదలుపెట్టింది. అదే ఏడాది పక్కనే నాలెడ్జ్ విలేజ్, తర్వాత అకడమిక్ సిటీ వచ్చాయి. అబూధాబీ 2008లో టూఫోర్54 మీడియా కేంద్రాన్ని, అదే ఏడాది ద నేషనల్ పత్రికను మొదలుపెట్టింది. మణిపాల్, అమిటీ, మిడిల్‌సెక్స్, మర్డోక్ వంటి విదేశీ విశ్వవిద్యాలయాల దుబాయ్ క్యాంపస్‌లలో మీడియా కోర్సులు నిండాయి. ఫలానా ఏజెన్సీలో ఫలానా ఉద్యోగానికి ఏ నైపుణ్యం కావాలో చూసి కోర్సులను దానికి తగ్గట్టు మలచుకునే పద్ధతి అప్పుడే స్థిరపడింది. వార్తా రచన తరగతులు మిగిలాయి. విద్యార్థులు మాత్రం ఎక్కువగా ప్రకటనలు, ప్రజా సంబంధాలు, నిర్మాణం వైపు వెళ్లారు.

ఎవరి వాదం ఏమిటి

వార్తాగదే బడి అనేవాళ్లది పాత వాదం. మన తెలుగు పత్రికలు దీన్ని ఆచరించి చూపించాయి. ఈనాడు, ఆ తర్వాత సాక్షి సొంత జర్నలిజం పాఠశాలలు పెట్టి, రాత పరీక్షలో నెగ్గినవాళ్లకు స్టైపెండ్ ఇస్తూ నెలల తరబడి డెస్క్ పని, అనువాదం, శీర్షికలు, పేజీ పెట్టడం నేర్పాయి. అలా తయారైన సబ్ ఎడిటర్లే తెలుగు పత్రికలను నడిపించారు. యూఏఈ ఇంగ్లీషు పత్రికల్లోనూ చాలాకాలం జరిగింది ఇలాంటిదే. బొంబాయి, కేరళ వార్తాగదుల్లో చేయి తిరిగిన భారతీయులు అక్కడి డెస్కులకు వెన్నెముక అయ్యారు. స్థానిక డిగ్రీ పట్టభద్రుడికి అందులో చోటు చిన్నదిగానే ఉండేది. ఈ వాదానికి ఒక బలహీనత ఉంది. వార్తాగది తన అలవాట్లను నేర్పుతుంది, వాటిని ప్రశ్నించడం నేర్పదు.

కమ్యూనికేషన్ ఒక సామాజిక శాస్త్రం అనేది రెండో వాదం. అమెరికన్ పరిశోధకుడు విల్బర్ ష్రామ్ తరం దీనికి విశ్వవిద్యాలయాల్లో పీఠం వేసింది. సిద్ధాంతం, పరిశోధనా పద్ధతులు, ప్రేక్షకుల సర్వేలు దీని సాధనాలు. రాసే చేయి ముఖ్యమా, లెక్కించే చేయి ముఖ్యమా అన్న తగాదా అమెరికా శాఖల్లో దశాబ్దాలు నడిచింది. 2002లో కొలంబియా అధ్యక్షుడు లీ బోలింగర్ జర్నలిజం స్కూలు డీన్ ఎంపికను నిలిపివేసి, వృత్తి నైపుణ్యం ఒక్కటే చాలదని బహిరంగంగా చర్చ పెట్టడంతో అది మళ్లీ రాజుకుంది. యూఏఈ విశ్వవిద్యాలయాలు గుర్తింపు కోసం, ర్యాంకుల కోసం ఈ శాస్త్రీయ మార్గాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఆచార్యుడికి పదోన్నతి ఇంగ్లీషు పరిశోధనా పత్రాల మీద వస్తుంది. విద్యార్థి పత్రికను నడిపించినందుకు రాదు. దాని ఫలితం తరగతిలో కనిపిస్తుంది.

పరిశ్రమ అవసరమే పాఠ్యాంశం అనే మూడో వాదం గురించి పైన చెప్పిందే చాలు. ఒకటి మాత్రం కలపాలి. 2025లో యూఏఈ మీడియా మండలి సోషల్ మీడియాలో ప్రకటనలు చేసే వ్యక్తులకు ప్రత్యేక పర్మిట్ తెచ్చింది. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో కంటెంట్ క్రియేటర్ల కోసం ప్రత్యేక కేంద్రం తెరిచారు. చదువుకొచ్చే పిల్లల్లో విలేకరి కావాలనుకునేవాళ్ల కన్నా సొంత చానెల్ పెట్టాలనుకునేవాళ్లు పెరిగితే అందులో ఆశ్చర్యం లేదు.

నాలుగో వాదం ఆలోచించదగ్గది. పాశ్చాత్య పాఠ్యపుస్తకాన్ని ఎక్కడికైనా ఎత్తుకెళ్లి పెట్టవచ్చా అని అది అడుగుతుంది. జేమ్స్ కరన్, మ్యుంగ్ జిన్ పార్క్ 2000లో మీడియా అధ్యయనాలను పశ్చిమం నుంచి విడిపించాలంటూ సంకలనం తెచ్చినప్పటి నుంచి ఈ మాట బలపడింది. యునెస్కో 2007లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ జర్నలిజం విద్యా సదస్సులో నమూనా పాఠ్యప్రణాళికను విడుదల చేసి, ఎవరి పరిస్థితికి తగ్గట్టు వాళ్లు మలచుకోవాలంది. 2013లో దానికి కొత్త పాఠ్యాంశాలు జోడించింది కూడా. గల్ఫ్‌లో ఈ వాదం చాలావరకు అరబిక్ భాష, ఇస్లామిక్ విలువల చుట్టూ తిరిగింది. జనాభాలో ఎక్కువ భాగమైన వలస జనం భాషలు, జీవితాలు అందులోకి రాలేదు. స్థానికత పేరుతో నడిచే చర్చలో ఇంత పెద్ద ఖాళీ ఉండటం న్యాయం కాదు.

చట్టం ముందు తరగతి గది

ప్రజాస్వామ్యం లేకుండా జర్నలిజం ఉండదని, ఆ రెండూ విడదీయరానివని అమెరికన్ పండితుడు జేమ్స్ కేరీ వాదించారు. ఆ లెక్కన గల్ఫ్‌లో నేర్పేది జర్నలిజమే కాదు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే మాట కాదు, అలాగని మొత్తంగా ఒప్పుకోగలిగేదీ కాదు.

వాస్తవాలు ఇవి. 1980 నాటి ముద్రణ, ప్రచురణల చట్టం నాలుగు దశాబ్దాలు నడిచి, 2023లో 55వ నంబరు మీడియా నియంత్రణ శాసనానికి చోటిచ్చింది. 2021 నాటి 34వ నంబరు సైబర్ శాసనం పుకార్లు, తప్పుడు వార్తల వ్యాప్తిని శిక్షార్హం చేసింది. అనుమతి లేకుండా మనుషుల ఫొటో తీయడం కూడా దాని పరిధిలోకే వస్తుంది. మత విశ్వాసాలను కించపరిస్తే జరిమానా పది లక్షల దిర్హాముల దాకా ఉంటుందని 2025లో ప్రకటించారు. ఇంకో వైపు, ఇద్దరు పాత్రికేయులకు పరువునష్టం కేసులో జైలు శిక్ష పడిన సందర్భంలో, 2007లో ప్రధాని షేక్ మొహమ్మద్ వృత్తిపరమైన విషయాల్లో పాత్రికేయులను జైలుకు పంపరాదని ఆదేశించారు. విద్యారంగంలో కూడా రెండు ఘటనలు చర్చకు వచ్చాయి. జాయెద్ యూనివర్సిటీలో జర్నలిజం బోధించిన అమెరికన్ మాట్ డఫీ 2012లో ఉద్యోగం కోల్పోయి దేశం విడిచారు. గల్ఫ్ కార్మికుల స్థితిపై రాసే న్యూయార్క్ యూనివర్సిటీ ఆచార్యుడు ఆండ్రూ రాస్‌ను 2015లో అబూధాబీ విమానం ఎక్కనివ్వలేదు.

ఈ పరిస్థితిలో చదువు ఎలా నడుస్తుందో దగ్గరగా చూడాలి. రిపోర్టింగ్ తరగతిలో విద్యార్థికి నేర్పే మెలకువలు ఎక్కడైనా అవే. మూలాన్ని ధ్రువీకరించుకోవడం, రెండో వైపు వాదన తీసుకోవడం, అంకెను సరిచూడటం ఏ దేశమైనా మారవు. తేడా అసైన్‌మెంట్ ఎంచుకునేటప్పుడు వస్తుంది. కెమెరా పట్టుకుని వీధిలోకి వెళ్లాలంటే అనుమతులు కావాలి. కార్మికుల వసతి శిబిరంలోకి వెళ్లడం ఇంకా కష్టం. అందుకని విద్యార్థి మాల్ మీద, పండుగ మీద, స్టార్టప్ మీద, పర్యావరణం మీద రాస్తాడు. అవి పనికిరాని అంశాలేమీ కాదు. కానీ అధికారాన్ని జవాబు అడగడం అనే అభ్యాసం నాలుగేళ్లలో ఒక్కసారీ జరగకుండానే డిగ్రీ పూర్తికావచ్చు. ఆ అభ్యాసం పుస్తకంలో చదివితే రాదు.

సమర్థించేవాళ్ల జవాబులోనూ పస ఉంది. పరిమితుల మధ్య పనిచేయడం ప్రపంచంలో ఎక్కువమంది పాత్రికేయుల వాస్తవమని, దానికి సిద్ధం చేయడం కూడా విద్యేనని వాళ్లంటారు. సింగపూర్‌లోని నాన్యాంగ్ కమ్యూనికేషన్ పాఠశాల ఆసియాలో పేరున్నదని, దానికి పత్రికా స్వేచ్ఛ సూచీలు అడ్డురాలేదని గుర్తుచేస్తారు. భారతదేశంలో కూడా యాజమాన్యం, ప్రకటనదారు, రాజకీయం కలిసి గీసే గీతలు తక్కువేమీ కాదు. అయినా ఒక తేడా ఉంది. మన దగ్గర గీత దాటి రాసేవాడికి రేపు ఇంకో పత్రికో, వెబ్‌సైటో దొరుకుతుంది. అక్కడి ప్రవాస పాత్రికేయుడి నివాసం ఉద్యోగ వీసాతో ముడిపడి ఉంటుంది.

పక్కపక్కన పెడితే

పరికరాలు, స్టూడియోలు, ఇంటర్న్‌షిప్‌ల విషయంలో యూఏఈ క్యాంపస్‌లు మన రాష్ట్ర విశ్వవిద్యాలయ శాఖల కన్నా చాలా ముందున్నాయి. ఉస్మానియాలోనైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనైనా అధ్యాపక ఖాళీలు భర్తీ కాక శాఖలు ఈడ్చుకొస్తున్న సంగతి అందరికీ తెలుసు. ప్రజా సంబంధాలు, ప్రకటనలు, ఈవెంట్లు, కార్పొరేట్ కమ్యూనికేషన్ ఉద్యోగాలు కావాలనుకునేవాళ్లకు దుబాయ్‌కి సాటి రాగల భారత నగరాలు ఒకటి రెండే. ఇంగ్లీషు మాటా రాతా, పలు దేశాల మనుషులతో కలిసి పనిచేసే అలవాటు అక్కడ వాటంతటవే వస్తాయి. వార్తా సేకరణలో మాత్రం హైదరాబాద్ ముందుంటుంది. కలెక్టరేట్, పోలీస్ స్టేషన్, కోర్టు, అసెంబ్లీ నడుచుకుంటూ వెళ్లగలిగే దూరంలో ఉండటం రిపోర్టింగ్ నేర్చుకునేవాడికి ఏ స్టూడియో ఇవ్వలేని వసతి. ఖర్చు లెక్కలో రెండింటికీ పోలికే లేదు.

గుర్తింపు వ్యవహారం కూడా చూసుకోవాలి. ఫెడరల్ స్థాయిలో అక్రెడిటేషన్ కమిషన్, దుబాయ్‌లో 2006 నుంచి అక్కడి విద్యా నియంత్రణ సంస్థ కేహెచ్‌డీఏ వేర్వేరుగా పనిచేస్తున్నాయి. భారతదేశానికి తిరిగొచ్చి పీజీ చేయాలన్నా, ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా విదేశీ డిగ్రీల సమానత్వంపై యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. విదేశీ సంస్థ శాఖా క్యాంపస్‌లో చదివితే ఆ కోర్సు మాతృదేశం, ఆతిథ్య దేశం రెండింటి నిబంధనలకూ లోబడి ఉండాలి.

తెలుగు ఎక్కడుంది?

ఈ మొత్తం చర్చలో మనకు అన్నిటికన్నా దగ్గరిది, అందరూ దాటేసేది ఈ ప్రశ్నే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల గురించి తెలుగులో రోజూ వార్తలు వస్తాయి. అవి దుబాయ్ నుంచి రావు. జిల్లా పేజీ కంట్రిబ్యూటర్ రాస్తాడు.

ఒక కార్మికుడి మరణవార్త ఎలా తయారవుతుందో చూడండి. దుబాయ్‌లోని సోనాపూర్ కార్మిక క్యాంపులో ఒకతను నిద్రలోనే చనిపోతాడు. రూమ్మేట్ వాట్సాప్‌లో ఊరికి కబురు పెడతాడు. కంట్రిబ్యూటర్ ఇంటికి వెళ్లి భార్య, తల్లిదండ్రులు, అప్పు వివరాలు, పాస్‌పోర్టు ఫొటో తీసుకుని 'గుండెపోటుతో మృతి' అని వార్త పంపిస్తాడు. శవం ఎప్పుడొస్తుందో తెలియక ఆ కుటుంబం రోజుల తరబడి ఎదురుచూస్తుంది. అక్కడ దుబాయ్‌లో ఇదే విషయానికి కాగితాల వరుస పూర్తిగా ఉంటుంది. ఆసుపత్రి నివేదిక, పోలీసుల అనుమతి, మరణ ధ్రువపత్రం, కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ ధ్రువపత్రం, ఆ తర్వాత కార్గో బుకింగ్. అతను కంపెనీ వీసా మీద ఉన్నాడా, విజిట్ వీసా మీద వెళ్లి 'ఖల్లివల్లి' (అనుమతి పత్రాలు లేని కార్మికుడు) అయ్యాడా అన్నదాన్ని బట్టి టికెట్ ఎవరు పెట్టుకోవాలో, జీతం బకాయి, బీమా వస్తాయో రావో తేలుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా అందాలన్నా ఈ కాగితాలే ఆధారం. వార్తకు ప్రాణమైన వివరాలన్నీ ఒక దేశంలో, వార్త రాసే మనిషి ఇంకో దేశంలో. 2018లోనూ, 2024లోనూ యూఏఈ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఎవరు అర్హులు, గడువు ఎప్పటిదాకా అనే ప్రాథమిక సమాచారం కూడా తెలుగువాళ్లకు చాలావరకు సంఘ సేవకుల వీడియోల ద్వారానే చేరింది.

మలయాళీలు దీన్ని చాలా ముందే గుర్తించారు. గల్ఫ్ మాధ్యమం 1999లోనే బహ్రెయిన్ నుంచి మొదలై గల్ఫ్ అంతటా విస్తరించింది. దుబాయ్‌లో మలయాళ ఎఫ్ఎం రేడియోల్లో పూర్తిస్థాయి వార్తా విభాగాలున్నాయి. అక్కడ మీడియా చదివిన మలయాళీ కుర్రాడికి తన భాషలో పనిచేసే వార్తాగది కనపడుతుంది. తెలుగు విద్యార్థికి అలాంటిది లేదు. అందుకే అకడమిక్ సిటీలో చదువుతున్న తెలుగు అమ్మాయి బ్రాండ్ క్యాంపెయిన్‌ను ప్రాజెక్టుగా చేస్తుంది. అదే ఊళ్లో ఉన్న సోనాపూర్ క్యాంపు గురించి జగిత్యాలలో కూర్చున్న కంట్రిబ్యూటర్ రాస్తాడు. ఒకరికి చోటు ఉంది, భాష లేదు. ఇంకొకరికి భాష ఉంది, చోటు లేదు.

ఇంకా తేలనివి

మూడు విషయాల్లో నిర్ణయం చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది. 2023 శాసనం తరగతి గదిని ఎలా మారుస్తుందన్నది మొదటిది. అమలు నిబంధనలు కొత్తవి, వాటి కింద చదివిన తరం ఇంకా బయటికి రాలేదు. కృత్రిమ మేధ డెస్క్ పనిని తినేస్తున్నప్పుడు అనువాదం, పత్రికా ప్రకటన తిరగరాయడం మీద నిలబడ్డ చదువు నిలుస్తుందా అన్నది రెండోది. మిడిమిడి నైపుణ్యానికి కాలం చెల్లుతుందన్నది మాత్రం స్పష్టం. క్రియేటర్ చదువును జర్నలిజం పక్కన ఉంచాలా, వేరే శాఖగా విడదీయాలా అన్నది మూడోది. విడదీస్తేనే మేలు. ఒకే తరగతిలో కూర్చోబెడితే విలేకరికి కావాల్సిన ఓపిక మొదట నష్టపోతుంది.

తేలిన సంగతి కూడా ఒకటుంది. కమ్యూనికేషన్, నిర్మాణం చదవాలంటే యూఏఈ మంచి ఎంపిక. వార్త నేర్చుకోవడానికి ఒక్క యూఏఈ చాలదు. అందువల్ల ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగాలి. ఆ కోర్సులో వార్తా సేకరణ అసైన్‌మెంట్లు ఎన్ని? విద్యార్థులే నడిపే పత్రిక ఉందా? ఇంటర్న్‌షిప్‌లు వార్తాగదుల్లోనా, ఏజెన్సీల్లోనా? వీటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వని చోట చేర్చవద్దు.

విజ్ఞప్తి హైదరాబాద్ వైపు కూడా ఉంది. ఉస్మానియా, తెలుగు విశ్వవిద్యాలయాల జర్నలిజం శాఖలు, తెలుగు పత్రికల యాజమాన్యాలు కలిసి గల్ఫ్ వలసపై ఒక సెమిస్టర్ కోర్సు పెట్టాలి. దుబాయ్ క్యాంపస్‌లలో చదివే తెలుగు పిల్లలకు వేసవిలో జగిత్యాల, నిజామాబాద్ డెస్కుల్లో ఇంటర్న్‌షిప్ ఇవ్వాలి. వీసా రకాలు, మరణానంతర కాగితాలు, జీతాల ఫిర్యాదు పద్ధతి తెలిసిన పదిమంది విలేకరులు తయారైనా ఆ జిల్లాల పాఠకులకు ఇప్పుడు అందని వార్త అందుతుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఒప్పంద పత్రం, ఇద్దరు అధ్యాపకులు చాలు. వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.